ఒకరోజు కారుతుంది, వారం కారదు: పాత కారులో ఇంజిన్ ఆయిల్ లీకేజీని పట్టుకోవడం ఎలా

పాత కారు కింద రోజూ ఒకే చోట ఆయిల్ చుక్క కనిపిస్తుంటే అది సులువైన కేసు. ర్యాంపు ఎక్కించి టార్చ్ వేసి చూస్తే కాసేపట్లో తేలిపోతుంది. అసలు తలనొప్పంతా అప్పుడప్పుడు కారే బండితోనే. సోమవారం పొద్దున కారు కింద పెద్ద మరక ఉంటుంది, మంగళ, బుధ, గురువారాలు నేల శుభ్రంగా ఉంటుంది, శుక్రవారం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కింద పడుకుని చూసి "ఇప్పుడేం కారట్లేదు కదా సార్" అంటాడు. లేదంటే ఇంజిన్ మొత్తం జిడ్డుగా ఉంది కాబట్టి ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్ నుంచి ఫ్లైవీల్ సీల్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్ అయిన క్రాంక్‌కి గేర్‌బాక్స్ వైపు చివర ఉండే సీల్) దాకా ఒక లిస్టు రాసిస్తాడు. మొదటి మాటతో టెన్షన్ పోదు, రెండో దానితో డబ్బు పోతుంది.

అప్పుడప్పుడు మాత్రమే కారుతోందంటే దాని వెనక తప్పకుండా ఒక షరతు ఉంటుంది. ఇంజిన్ వేడి కావచ్చు, ఆయిల్ ప్రెషర్ కావచ్చు, బండి నిలబెట్టిన వాలు, ఆయిల్ లెవెల్, ఎన్నాళ్లు కదలకుండా ఉంది అన్నది, ఇవన్నీ షరతులే. ఆ షరతు కుదిరిన రోజే కారుతుంది, కుదరని రోజు కారదు. ఎప్పుడు కారుతోందో పట్టుకుంటే ఎక్కడ కారుతోందో చాలావరకు దానంతటదే తేలుతుంది. మనలో చాలామంది, మెకానిక్‌లతో సహా, ముందే చోటు కోసం వెతుకుతారు. పాత ఇంజిన్‌కి తడి లేని చోటంటూ ఉండదు కాబట్టి ఆ వెతుకులాట ఎప్పటికీ తెగదు.

అన్నిటికంటే ముందు, కారేది ఇంజిన్ ఆయిలేనా అన్నది చూసుకోవాలి. ఎండాకాలంలో ఏసీ నీళ్లు ఇంజిన్ అడుగున ఉన్న పాత జిడ్డు మీదుగా కారి నల్లటి మరకలా కనిపిస్తాయి, దాన్ని చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క పట్టండి. నీళ్లయితే ఆరిపోతుంది, ఆయిల్ అయితే కాగితం అవతలికి దిగి జిడ్డు మరక నిలిచిపోతుంది. కూలెంట్ పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తుంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. గేర్ ఆయిల్‌ది గంధకం కలిసిన ఘాటు వాసన, ఒకసారి తెలిస్తే మర్చిపోరు. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ రెండూ ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకు దగ్గరే కారతాయి కాబట్టి అక్కడి చుక్కని వేలితో తీసి వాసన చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

తర్వాత చిన్న లెక్క ఒకటి. ఎవరూ వేయరు గానీ దీంతో సగం అయోమయం తీరుతుంది. ఒక ఆయిల్ చుక్క సుమారుగా మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు ఉంటుంది. రాత్రికి పది చుక్కలు కారితే అర మిల్లీలీటరు, నెలకి పదిహేను మిల్లీలీటర్లు. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) మీద పై గీతకీ కింది గీతకీ మధ్య చాలా కార్లలో దాదాపు లీటరు తేడా ఉంటుంది. మీ బండి నెలకి అర లీటరు తాగుతూ, నేల మీద మాత్రం రాత్రికి పది చుక్కలే కనిపిస్తున్నాయంటే, ఆ పది చుక్కలకీ ఈ అర లీటరుకీ సంబంధం లేదు. ఆయిల్ వేరే చోట పోతోంది. సైలెన్సర్‌లోంచి నీలం పొగగా పోతోందన్నా అనుకోవాలి, బండి నడుస్తున్నప్పుడు మాత్రమే ప్రెషర్‌తో చిమ్ముతోందన్నా అనుకోవాలి. లీటరు ఆయిల్ వెయ్యి కిలోమీటర్లలో కారిపోవాలంటే యాభై మీటర్లకి ఒక చుక్క పడితే చాలు. రోడ్డు మీద అది ఎవరికీ కనపడదు. నేల మీది మరక ఎంతుందన్నది ఒక్కటే చూసి లీకేజీ పెద్దదా చిన్నదా అని చెప్పలేం, డిప్‌స్టిక్‌ని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఆ చూడటమూ ఎప్పుడూ చదునైన నేల మీద, పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు చూస్తేనే ఒక రీడింగ్‌ని ఇంకోదానితో పోల్చగలం.

ఇంజిన్‌లో ఆయిల్ మూడు రకాల పరిస్థితుల్లో ఉంటుంది. మొదటిది ప్రెషర్ మీద ఉండే ఆయిల్: పంపు దగ్గర్నుంచి ఫిల్టర్, ఆయిల్ లైట్‌ని వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్, బేరింగులకి వెళ్లే దారులు, టర్బో ఉంటే దానికి వెళ్లే సన్నటి పైపు. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇక్కడ ప్రెషర్ సుమారు ఒక బార్ ఉంటుంది, రేస్ చేస్తే మూడు నాలుగు బార్‌లకి పెరుగుతుంది, ఇంజిన్ ఆపగానే సున్నా. రెండోది పని ముగించుకుని కిందికి జారే ఆయిల్: ట్యాపెట్ కవర్ కింద, టైమింగ్ కవర్ లోపల, టర్బో నుంచి వెనక్కి వచ్చే పైపులో. దీనికి ప్రెషర్ ఉండదు, బరువు తప్ప. మూడోది అడుగున చాంబర్‌లో నిలవున్న ఆయిల్. మొదటి రకం చోట్ల లీకేజీ ఉంటే బండి నడిచినంతసేపే కారుతుంది. మూడో రకం చోట్లయితే బండి నిలబడి ఉన్నా కారుతుంది. ఇంజిన్ ఆపిన వెంటనే కింద అట్ట పరిచి, పదిహేను నిమిషాల తర్వాత ఒకసారి, తెల్లారి ఒకసారి చూడండి. మొదటి పదిహేను నిమిషాల్లోనే చుక్కలన్నీ పడి తర్వాత ఆగిపోతే నడుస్తున్నప్పుడు చిమ్మిన ఆయిల్ జారి పడిందని అర్థం. రాత్రంతా నింపాదిగా పడుతూనే ఉంటే చాంబర్ ప్యాకింగ్, డ్రైన్ బోల్ట్ వాషర్, ఫ్లైవీల్ సీల్ వైపు చూడాలి.

వేడి, చలి

15డబ్ల్యూ-40 లాంటి మామూలు ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోక్స్ ఉంటే 100 డిగ్రీల దగ్గర 14, 15కి పడిపోతుంది. అంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక అదే ఆయిల్ ఏడెనిమిది రెట్లు పలచన. పొద్దున ఆఫీసుకి మూడు కిలోమీటర్లు వెళ్లొచ్చే రోజుల్లో దాటలేని సందుని, ఎండలో విజయవాడ హైవే మీద రెండు గంటలు తోలిన రోజు ఆయిల్ సులువుగా దాటేస్తుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ లాంటివి ఇలాగే బయటపడతాయి.

దీనికి పూర్తిగా ఉల్టా కేసులూ ఉన్నాయి. ఏళ్ల తరబడి వేడి తగిలిన నైట్రైల్ రబ్బరు సీల్ మెత్తదనం పోయి గట్టిపడుతుంది. చలిలో అది ఇంకా బిగుసుకుని షాఫ్ట్‌ని సరిగ్గా పట్టుకోదు, ఇంజిన్ వేడెక్కాక కాస్త మెత్తబడి ఆపేస్తుంది. అలాంటి బండి డిసెంబర్, జనవరి పొద్దుటిపూట కారి, మార్చి రాగానే తనంతట తానే బాగైపోయినట్టు కనిపిస్తుంది. బాగవ్వలేదు, వాతావరణం కప్పిపుచ్చింది అంతే. పైగా చల్లటి స్టార్ట్‌లో ఆయిల్ చిక్కగా ఉండటం వల్ల ప్రెషర్ ఎక్కువగా ఉంటుంది, కాబట్టి ఫిల్టర్ రబ్బరు రింగు, ప్రెషర్ స్విచ్ దగ్గరి లీకేజీలు స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఎక్కువగా కారి తర్వాత నెమ్మదిస్తాయి. ఇంకోటి, బ్లాక్ (సిలిండర్లుండే కింది భాగం) పోత ఇనుము, హెడ్ (దాని మీద కూర్చునే భాగం) అల్యూమినియం అయిన ఇంజిన్లలో వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఆ రెండిటి మధ్య ఉన్న ప్యాకింగ్ వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ రాపిడికి గురవుతుంది. కొన్ని అతుకులు చల్లగా ఉన్నప్పుడే కారి వేడికి మూసుకుపోవడానికి ఇదొక కారణం.

వాలు, లెవెల్, నిలవ ఉండటం

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్ ర్యాంపుల మీద బండి పెట్టుకునేవాళ్లు దీన్ని ముందు పరీక్షించాలి. ముందుభాగం పైకి ఉండేలా నిలబెడితే ఆయిలంతా ఇంజిన్ వెనక్కి చేరుతుంది. మామూలుగా గాలిలో ఉండే ప్యాకింగ్ భాగం ఆ రాత్రంతా ఆయిల్‌లో మునిగి ఉంటుంది. ఇంజిన్ పొడుగ్గా, గేర్‌బాక్స్ దాని వెనక ఉండే బండ్లలో అయితే బరువంతా ఫ్లైవీల్ సీల్ మీద పడుతుంది. పాత 1489 సీసీ అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్ దీనికి మంచి ఉదాహరణ. బ్రిటిష్ బీఎంసీ డిజైన్ అది, క్రాంక్ వెనకవైపు ఆయిల్‌ని ఆపేది రబ్బరు సీల్ కాదు, మర చుట్టినట్టు కోసిన గాడి. క్రాంక్ తిరుగుతున్నంతసేపు ఆ గాడి ఆయిల్‌ని లోపలికి తోస్తుంది, ఇంజిన్ ఆగితే తోసేది ఉండదు. ముందుభాగం పైకి ఉండేలా నిలబెడితే కారుతుంది, కిందికి ఉండేలా నిలబెడితే కారదు. ఆ బండిని ఇంకా ప్రేమగా నడుపుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకి ఎవరో ఒకరు "సీల్ మార్చెయ్యండి" అని సలహా ఇస్తూనే ఉంటారు, మార్చడానికి అక్కడ సీల్ ఉంటే కదా!

ఆయిల్ లెవెల్ సంగతి ఇంకా సులువు. ప్రతి సర్వీసింగ్ తర్వాత కారడం మొదలై నెల తిరిగేసరికి ఆగిపోతోందంటే ఆయిల్ ఎక్కువ పోస్తున్నారన్నమాటే. మూడు లీటర్లు పట్టే ఇంజిన్‌లో డబ్బా మిగల్చడం ఎందుకని మూడున్నర లీటర్లూ పోసేయడం మామూలే. అదనంగా ఉన్నది అయిపోయేదాకా కారుతుంది, లెవెల్ దిగగానే ఆగుతుంది. దీన్ని తేల్చుకోవడానికి ఒక్క పైసా ఖర్చు లేదు, సర్వీసింగ్ అయిన మర్నాడు పొద్దున డిప్‌స్టిక్ చూస్తే చాలు. అలాగే ఫిల్టర్ మార్చేటప్పుడు ఒలికిన ఆయిల్ క్రాస్ మెంబర్ (ఇంజిన్ కింద అడ్డంగా ఉండే చట్రం) మీద, అడుగున ఉండే అండర్ షీల్డ్‌లో చేరి రెండు వారాల పాటు బ్రేక్ వేసినప్పుడో వాలు వచ్చినప్పుడో చుక్కలుగా పడుతుంది. అసలు లీకేజీయే లేని బండిని ఇలా అనుమానించిన సందర్భాలు చాలా చూశాను.

నెలల తరబడి కదలని బండిది ఇంకో తీరు. 2020 లాక్‌డౌన్‌లో నిలబడిపోయిన కార్లలో కొన్నిటికి మళ్లీ తీసిన మొదటి వారం ఆయిల్ కారింది. షాఫ్ట్ చుట్టూ ఉండే సీల్ అంచు ఆయిల్ తగలక ఎండి, ఒకే చోట అదిమి ఉండిపోతుంది. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగితే కొన్ని సర్దుకుంటాయి. ఇలాంటప్పుడు వెంటనే గేర్‌బాక్స్ దించాల్సిన పనిలేదు, లెవెల్ గమనిస్తూ కొన్నాళ్లు నడిపి చూడటమే సరైన పని. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ నడిపేవాళ్లకి దీనికి దగ్గరి అనుభవం ఉంటుంది. ఎక్కువ రోజులు నిలబెడితే ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ నెమ్మదిగా పంపు దాటి క్రాంక్‌కేస్‌లోకి దిగిపోతుంది, స్టార్ట్ చేయగానే అదంతా బ్రీదర్ పైపులోంచి బయటికి కొడుతుంది. రోజూ తిరిగే బండిలో ఆ సమస్య కనిపించదు.

లోపలి ప్రెషర్: అందరూ వదిలేసేది

నా లెక్కలో పాత బండ్లలో అప్పుడప్పుడు కారే కేసుల్లో అన్నిటికంటే తరచుగా తప్పు అంచనా వేసేది ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా మండిన గ్యాస్‌లో కొంత రింగుల పక్కనుంచి చాంబర్‌లోకి జారుతుంది. మన మెకానిక్‌లు దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. కొత్త ఇంజిన్‌లో తక్కువ, రింగులు అరిగిన ఇంజిన్‌లో ఎక్కువ. ఈ గ్యాస్ బయటికి పోవడానికి దారి ఉండాలి. పెట్రోల్ ఇంజిన్లలో పీసీవీ వాల్వ్ అని ఒక చిన్న వాల్వ్ ఉంటుంది, అది చాంబర్‌లోని గ్యాస్‌ని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి లాగించి మళ్లీ మండేలా చేస్తుంది. ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కి ఇంకో లావుపాటి బ్రీదర్ పైపు ఉంటుంది. ఐడిల్‌లో మానిఫోల్డ్ లాగే శక్తి ఎక్కువ, లోపల పుట్టే గ్యాస్ తక్కువ, కాబట్టి ఇంజిన్ లోపల ప్రెషర్ బయటి గాలికంటే కొద్దిగా తక్కువే ఉంటుంది. యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు తలకిందులవుతుంది: మానిఫోల్డ్ లాగడం దాదాపు ఆగిపోతుంది, గ్యాస్ మాత్రం ఎక్కువ పుడుతుంది. అప్పుడు మిగిలింది బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళ్లాలి.

ఇప్పుడు ఆ పైపులో పాతికేళ్ల జిడ్డు పేరుకుని సగం మూసుకుపోయిందనుకోండి, లేదా పీసీవీ వాల్వ్ మూసుకుని బిగుసుకుపోయిందనుకోండి. ఊళ్లో తిరిగినంతసేపు పుట్టే కొంచెం గ్యాస్ ఎలాగోలా పోతుంది. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో, తిరుమల కొండ మీదికి నలుగురిని, సామాను వేసుకుని రెండో గేర్‌లో తోలేటప్పుడో, హైవేలో గంటల తరబడి వందమీద వెళ్లేటప్పుడో పోలేదు. విజిల్ మూసుకుపోయిన కుక్కర్‌లో ఆవిరి గాస్కెట్ అంచుల్లోంచి తన్నుకొచ్చినట్టే, లోపలి గ్యాస్ బలహీనంగా ఉన్న సీల్ ఏదైతే దాన్ని తోసుకుని ఆయిల్‌తో సహా బయటికి వస్తుంది. ఇంటికొచ్చి ఆపాక ప్రెషర్ పోతుంది, సీల్ మళ్లీ యథాస్థానంలో కూర్చుంటుంది, మర్నాడు ఎంత వెతికినా ఏమీ దొరకదు.

మా బంధువుల పాత పెట్రోల్ కారు ఒకటి సరిగ్గా ఇలాగే చేసేది. ఊళ్లో చుక్క పడేది కాదు, దూరప్రయాణం చేసిన ప్రతిసారీ ఇంజిన్ గేర్‌బాక్స్ అతుకు దగ్గర తడి. ఒక గ్యారేజీలో గేర్‌బాక్స్ దించి ఫ్లైవీల్ సీల్ మార్చారు, కూలీ సీల్ ఖరీదుకి ఎన్నో రెట్లు అయింది. రెండు నెలలు బాగుంది, మళ్లీ అదే చోట తడి. సీల్ నాసిరకమని ఒకరు, సరిగ్గా కూర్చోబెట్టలేదని ఇంకొకరు అన్నారు. చివరికి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచిన ఒక పెద్దాయన, లోపల ఆయిల్ జిడ్డు చూసి, పీసీవీ వాల్వ్ పీకి చెవి దగ్గర ఊపాడు. టకటకమని చప్పుడు రావాలి, రాలేదు. వాల్వ్, గొట్టాలు మార్చాక ఆ కొత్త సీల్ ఇంకెప్పుడూ కారలేదు. మొదటి సీల్‌లో కూడా నిజంగా లోపం ఉందో లేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

కాబట్టి ఏ సీల్ జోలికైనా వెళ్లేముందు ఈ పరీక్ష చేయండి. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, రంధ్రం మీద పలచటి కాగితం పెట్టండి. పీసీవీ ఉన్న పెట్రోల్ ఇంజిన్‌లో కాగితం మెల్లగా లోపలికి అతుక్కోవాలి. ఎగిరిపోతుంటే, మూతని తిరగేసి పెడితే అది గంతులేస్తుంటే లోపల ప్రెషర్ ఉంది. డీజిల్ ఇంజిన్లలో కొద్దిగా ఊపిరి తగలడం మామూలే, పొగలా ఉధృతంగా కొడితే మాత్రం రింగుల సంగతి చూడాలి. కొన్ని ఇంజిన్లలో మూత తీయగానే ఆయిల్ చిందుతుంది, మొహం దగ్గర పెట్టకండి. లాంగ్ డ్రైవ్ తర్వాత డిప్‌స్టిక్ కాస్త పైకి లేచి ఉండటం, ఎయిర్ ఫిల్టర్‌కి ఆయిల్ పట్టడం, ఒకేసారి మూడు నాలుగు చోట్ల తడి కనిపించడం ఇవి కూడా అదే చెబుతాయి. పీసీవీ, బ్రీదర్ బాగున్నా ప్రెషర్ తగ్గకపోతే అప్పుడు కంప్రెషన్ చెక్ చేయించాలి. రింగులు పోయిన ఇంజిన్‌కి ఎన్ని కొత్త సీళ్లు వేసినా మూణ్ణాళ్ల ముచ్చటే.

అమెరికా, కెనడాల్లో ఉండి పాత కార్లు నడుపుతున్న మనవాళ్లకి ఇదే సమస్య చలికాలంలో ఇంకో రూపంలో ఎదురవుతుంది. మైనస్ ఇరవై డిగ్రీల చలిలో చిన్నచిన్న దూరాలే తిరిగితే ఇంజిన్ లోపల చేరిన తేమ బ్రీదర్ పైపులో గడ్డకడుతుంది. దారి మూసుకుని సీల్ నుంచి ఆయిల్ తన్నుకొస్తుంది, మెకానిక్ దగ్గరి వెచ్చటి షెడ్డులోకి వెళ్లేసరికి మంచు కరిగి అంతా మామూలుగా ఉంటుంది. ఆయిల్ మూత అడుగున తెల్లటి నురగలాంటి జిగురు కనిపిస్తే ఈ అనుమానం పెట్టుకోవాలి. తేమ సంగతి అని తేల్చే ముందు కూలెంట్ లెవెల్ తగ్గుతోందేమో కూడా చూడండి, ఎందుకంటే హెడ్ గాస్కెట్ పోయినా అదే జిగురు వస్తుంది.

చోటు పట్టుకోవడం

షరతు తెలిశాక చోటు వెతకడం మొదలుపెట్టండి. చాలామంది ముందు వాటర్ సర్వీసింగ్ చేయిస్తారు. దానికంటే ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసుకోండి. పాత లీకేజీ మీద దుమ్ము అట్టకట్టి పొడిగా ఉంటుంది, ఇప్పటి లీకేజీ దుమ్ముని కడిగేసి నిగనిగలాడుతుంటుంది. కడిగేస్తే ఆ తేడా పోతుంది. తర్వాత చల్లారిన ఇంజిన్ మీద డీగ్రీజర్ కొట్టి, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యూజ్ బాక్స్, ఎయిర్ ఇన్‌టేక్‌లకి ప్లాస్టిక్ కవర్లు కట్టి కడిగించండి. గట్టి ప్రెషర్‌తో సీళ్ల మీదికి నేరుగా నీళ్లు కొట్టనివ్వద్దు. బాగా ఆరాక అనుమానమున్న అతుకుల మీద టాల్కమ్ పౌడర్ చల్లితే తడి మొదలైన చోట గీత పడుతుంది.

ఇప్పుడు బండిని ఊరికే ఐడిల్‌లో ఉంచి చూస్తే లాభం లేదు. ఏ షరతులో కారుతుందో అదే కల్పించాలి. హైవే తర్వాత కారేదైతే హైవే మీదికి తీసుకెళ్లండి, ర్యాంపు మీద కారేదైతే ర్యాంపు మీదే పెట్టండి. పది, ఇరవై, యాభై కిలోమీటర్లకి ఒకసారి ఆగి టార్చ్, చిన్న అద్దం పట్టుకుని చూడండి. ఎక్కువసేపు నడిపితే గాలికి ఆయిల్ వెనక్కి పరుచుకుని మళ్లీ అంతా జిడ్డవుతుంది. తడిగా ఉన్న చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే మొదటి అనుమానితుడు. కింద చుక్క వేలాడుతున్న చోటు దాదాపు ఎప్పుడూ అసలు చోటు కాదు.

దీనికి మారుతీ 800, ఎస్టీమ్ కాలపు ఇంజిన్ల కంటే మంచి పాఠం లేదు. వాటిలో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది) హెడ్‌లోని క్యామ్ షాఫ్ట్ చివర, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాని ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) గట్టిపడి కారితే ఆయిల్ హెడ్ పక్కనుంచి దిగి, గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్‌ని, క్లచ్‌ని కప్పి ఉండే కవర్) మీద పడి, సరిగ్గా ఫ్లైవీల్ సీల్ పోతే ఎక్కడ చుక్క పడుతుందో అక్కడే పడుతుంది. ఓ-రింగ్ చవకైనది, పని గంటలోపు. ఫ్లైవీల్ సీల్ అంటే గేర్‌బాక్స్ దించాలి, క్లచ్ విప్పాలి. "ఇంజిన్ గేర్‌బాక్స్ మధ్య కారుతోంది" అని ఎవరన్నా అంటే బెల్ హౌసింగ్ పైభాగం పొడిగా ఉందో లేదో ముందు చూపించమనండి. పైభాగం తడిగా ఉంటే ఆయిల్ పైనుంచే వస్తోంది.

ఆయిల్ ప్రెషర్ స్విచ్‌ది ఇంకో మోసం. దాని వైర్ కనెక్టర్ లాగి చూడండి, లోపల ఆయిల్ ఉంటే స్విచ్ పోయినట్టే. ఇంజిన్ నడిచినప్పుడే కారి ఆపగానే ఆగుతుంది కాబట్టి ఆగిన బండిని ఎంతసేపు చూసినా దొరకదు. ఇంతకీ చోటు తేలకపోతే యూవీ డై (అల్ట్రావయొలెట్ వెలుగులో మెరిసే రంగు) వాడొచ్చు. ఆయిల్‌లో కలిపి, కొన్ని రోజులు తిరిగి, చీకట్లో యూవీ టార్చ్ వేస్తే కారిన దారంతా పసుపుపచ్చగా మెరుస్తుంది. నెలకోసారి కారే బండికి దీన్ని మించింది లేదు, ఎందుకంటే డై ఆయిల్‌లోనే ఉండిపోతుంది, కారిన రోజు జాడ వదులుతుంది, మీరు తీరిగ్గా తర్వాత చూసుకోవచ్చు. కొన్ని చోట్ల చాంబర్‌లోకి గాలి కొట్టి చూస్తారు. అది రెండు మూడు పీఎస్‌ఐ దాటకూడదు, దాటితే బాగున్న సీళ్లు కూడా ఊడొస్తాయి. టైర్లకి కొట్టే గాలి గొట్టం నేరుగా పెట్టనివ్వకండి.

రిపేరులో జాగ్రత్తలు

చవకైనదీ పైన ఉన్నదీ ముందు, ఖరీదైనదీ కింద ఉన్నదీ తర్వాత. బోల్టులు బిగింపు చూసుకోవడం, పీసీవీ, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఓ-రింగులు, ప్రెషర్ స్విచ్, ఆ తర్వాతే క్రాంక్ సీళ్లు. ట్యాపెట్ కవర్ కారుతోందని బోల్టులు ఇష్టమొచ్చినట్టు బిగిస్తే రేకు కవర్ వంగి కొత్త ప్యాకింగ్ కూడా కూర్చోదు. ప్యాకింగ్ పేస్ట్ దండిగా పూయడం ఇంకో అలవాటు. బయటికి పొంగింది కనిపిస్తుంది, లోపలికి పొంగింది ఊడిపడి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డుపడుతుంది. క్రాంక్ సీల్ మార్చేటప్పుడు షాఫ్ట్ మీద గోరు పెట్టి చూడమనండి, పాత సీల్ అంచు అరగదీసిన గాడి తగిలితే కొత్త సీల్‌ని ఆ గాడి తప్పేలా కొద్దిగా లోపలికో బయటికో కూర్చోబెట్టాలి, లేదా పలచటి స్లీవ్ వేయాలి.

లీకేజీ ఆపే మందుల గురించి చాలామంది అడుగుతారు. గట్టిపడిన రబ్బరు సీల్‌ని అవి కొంత ఉబ్బించి మెత్తబరుస్తాయి, కొన్ని నెలలు నెట్టుకురావచ్చు. చిరిగిన ప్యాకింగ్‌కి, గాడిపడిన షాఫ్ట్‌కి, మూసుకుపోయిన బ్రీదర్‌కి అవి చేసేదేమీ లేదు. సింథటిక్ ఆయిల్ పోశాక కారడం మొదలైందంటే అది కొత్త రంధ్రం చేసిందని కాదు, పాత జిడ్డు అడ్డుగా ఉన్నది కరిగించి ఉంటుంది లేదా గ్రేడ్ పలచబడి ఉంటుంది. కంపెనీ మాన్యువల్ అనుమతించే గ్రేడ్లలో కాస్త చిక్కటిదానికి మారడం తప్పేమీ కాదు.

కొన్ని లీకేజీలకి ఈ తీరికంతా పనికిరాదు. ఆయిల్ లైట్ వెలిగితే అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి, ఇంటికెళ్లి చూద్దాం అనకూడదు. ఫిల్టర్ మార్చిన వెంటనే ధారగా కారితే పాత ఫిల్టర్ రబ్బరు రింగు అతుక్కుపోయి రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి, నిమిషాల్లో ఆయిలంతా పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బానెట్‌లోంచి కాలిన ఆయిల్ వాసన, పొగ వస్తుంటే అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతోంది, నిప్పంటుకునే ప్రమాదం నిజంగా ఉంది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్‌లో ముందువైపు సీల్ కారి బెల్టుకి ఆయిల్ తగిలితే రబ్బరు చెడి బెల్టు తెగుతుంది, చాలా ఇంజిన్లలో అప్పుడు వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. క్లచ్ జారుతుంటే ఫ్లైవీల్ సీల్ ఆయిల్ క్లచ్ ప్లేటుకి చేరిందేమో చూడాలి. ఇవేవీ కానప్పుడు, అతుకు చుట్టూ కాస్త తడి ఉండి చుక్క కట్టకుండా, డిప్‌స్టిక్ దిగకుండా ఉంటే ఇరవై ఏళ్ల బండిలో దాన్ని అలాగే వదిలేయొచ్చు, నెలకి రెండుసార్లు లెవెల్ చూసుకుంటే సరిపోతుంది.

రిపేరు అయిందని మెకానిక్ చెప్పిన రోజున డబ్బులిచ్చి ఊరుకోకండి. మళ్లీ ఒకసారి కడిగించి, లెవెల్ రాసుకుని, ఏ షరతులో కారేదో సరిగ్గా అదే షరతులో నడపండి: అదే ఘాట్, అదే ర్యాంపు, అన్ని రోజుల నిలవ. చలికాలంలో కారిన బండిని మేలో చూసి బాగైందనుకోకూడదు. బెల్ హౌసింగ్ లోపల, క్రాస్ మెంబర్ సందుల్లో మిగిలిన పాత ఆయిల్ రెండు వారాల దాకా చుక్కలుగా పడుతుంది, దానికి భయపడి మళ్లీ విప్పించకండి. ఆ తర్వాత కూడా అట్ట మీద కొత్త చుక్క కనిపిస్తే పాత ఫొటోలు తీసి, ఈసారి తడి అదే చోట మొదలైందా లేక దానికంటే పైన ఇంకో చోట మొదలైందా అన్నది పోల్చి చూడండి.